లండను ఆటల కొట్లలో ఒక పెన్షనరు

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా మన సంఘ భవనంలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును తలచుకుంటూ మనం ఏటా ఈ రోజున కలుసుకుంటున్నాం. పెన్షను ఎవరో దయతలచి వేసే భిక్ష కాదని, చేసిన సేవకు దక్కవలసిన హక్కు అని ఆ తీర్పు చెప్పింది. ప్రతి ఏడూ ఈ సభలో నన్ను కరువు భృతి బకాయిల మీదనో, మెడికల్ బిల్లుల మీదనో మాట్లాడమంటారు. ట్రెజరీలో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి, సీనియర్ అసిస్టెంటుగా 2007లో రిటైరైనవాణ్ణి కాబట్టి ఆ లెక్కలు నాకు తెలుసునని వారి నమ్మకం.

ఈసారి మాత్రం కార్యదర్శిగారితో ముందే మనవి చేసుకున్నాను. "అయ్యా, బకాయిల సంగతి నాకంటే బాగా చెప్పేవారు వేదిక మీద ముగ్గురున్నారు. నేను లండనులో చూసివచ్చిన కొట్ల గురించి చెబుతాను" అన్నాను. "ఏం కొట్లు?" అన్నారు. "బొమ్మల కథల పుస్తకాలు, బల్ల మీద ఆడుకునే ఆటల సామాను అమ్మే కొట్లు" అన్నాను. ఆయన నా వంక కాసేపు చూసి, "ఆరోగ్యం బాగానే ఉంది కదా?" అని అడిగారు. బాగానే ఉందండీ. బాగుంది కనుకనే చెబుతున్నాను.

2024 మే నెలలో నేనూ, మా ఆవిడా మా అబ్బాయి దగ్గరకు లండను వెళ్ళి నాలుగు నెలలు ఉండి వచ్చాం. మీలో చాలామంది ఇలా వెళ్ళివచ్చినవారే. అక్కడ మనవాళ్ళ దినచర్య ఏమిటో మీకు తెలుసు. పొద్దున్న కొడుకూ కోడలూ ఆఫీసులకు పోతారు. మనవడు బడికి పోతాడు. మనం కిటికీ దగ్గర కూర్చుని, ఇవాళ వాన పడుతుందా పడదా అని చూస్తూ ఉంటాం. పడుతుంది.

మా మనవడికి అప్పుడు పద్నాలుగేళ్ళు. బడి నుంచి రాగానే "హాయ్ తాతా" అని మెట్లెక్కి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకునేవాడు. భోజనానికి దిగేవాడు, మళ్ళీ ఎక్కేవాడు. మర్యాదస్థుడే, పల్లెత్తు మాట అనడు. కానీ మాట్లాడడు. వాడి తెలుగు నాకు అందదు, నా ఇంగ్లీషు వాడికి అందదు. ఆఫీసు ఇంగ్లీషుతో మనవడితో కబుర్లు చెప్పలేం కదా! "యువర్ లెటర్ సైటెడ్" అని మొదలుపెట్టలేం. మూడు వారాలు గడిచాయి. పద్నాలుగేళ్ళ కుర్రవాడు, డెబ్బై దాటిన ముసలివాడు ఒకే ఇంట్లో ఉండి ఒకరికొకరు పొరుగువాళ్ళ కంటే దూరంగా ఉన్నాం.

ఒక శనివారం మా అబ్బాయి, "నాన్నా, వాడు ఊళ్ళోకి కామిక్సు కొట్లకు వెళతానంటున్నాడు. మీరూ సరదాగా వెళ్ళి రాకూడదూ?" అన్నాడు. నేను వాణ్ణి తీసుకుని వెళ్ళానని మా ఆవిడ అనుకుంది. వాడు నన్ను తీసుకుని వెళ్ళాడని నాకు తరువాత తెలిసింది. నాకు కాలక్షేపం చూపించమని తండ్రి చెప్పి పంపాడట.

పాతాళ రైలులో లెస్టర్ స్క్వేర్ దగ్గర దిగి చారింగ్ క్రాస్ రోడ్ వెంట నడిచాం. పుస్తకాల దుకాణాలకు ఎంతో కాలంగా పేరుపడ్డ వీధి అది. కొంత దూరం పోయాక కుడివైపు ఎర్ల్‌హామ్ స్ట్రీట్‌లో ఒక చిన్న కొట్టు. పేరు ఆర్క్స్ నెస్ట్, అంటే మన మాటల్లో రాక్షసుడి గూడు. పేరు చూసి నేను గడప దగ్గరే ఆగిపోయాను. లోపల మన పాతకాలపు మందుల షాపులాగా నేల నుంచి కప్పు దాకా అరలు, అరల నిండా పెట్టెలు. మందుల బదులు పాచికలు, పటాలు, అంగుళం ఎత్తు సైనికులు, నియమాల పుస్తకాలు. పాచికలంటే మనకు తెలిసిన ఆరు ముఖాలవే కాదు. నాలుగు ముఖాలవి, ఎనిమిది, పది, పన్నెండు, ఇరవై ముఖాలవి కూడా ఉన్నాయి. ఇరవై ముఖాల పాచికను అరచేతిలో పెట్టుకుని చూశాను. శకుని చూస్తే ఏమనేవాడో!

అక్కడ నుంచి షాఫ్ట్స్‌బరీ అవెన్యూలోని ఫర్బిడెన్ ప్లానెట్‌కు వెళ్ళాం. 'నిషిద్ధ గ్రహం' అనే ఈ పేరు 1956లో వచ్చిన ఒక సినిమాది. ఈ సంస్థ 1978లో డెన్మార్క్ స్ట్రీట్‌లో చిన్న కొట్టుగా మొదలైందట. ఇప్పుడున్నది రెండంతస్తుల పెద్ద దుకాణం. పైన బొమ్మలు, చొక్కాలు. మెట్లు దిగితే కింద పుస్తకాలే పుస్తకాలు. అమెరికా బొమ్మల కథలు, ఇంగ్లండువి, ఫ్రాన్సు, బెల్జియంలవి, జపానువి. జపాను పుస్తకం తీసి తిరగేస్తే చివరి పేజీ ముందు వచ్చింది. తప్పుగా కుట్టారనుకున్నాను. వాటిని కుడి నుంచి ఎడమకు చదవాలని మనవడు చూపించాడు. మా ఇద్దరి మధ్య జరిగిన మొదటి పాఠం అదే.

నన్ను ఎక్కువ ఆకర్షించింది మాత్రం అక్కడివాళ్ళ పద్ధతి. ఈ కామిక్సు చాలావరకు నెలకొక సంచిక చొప్పున వస్తాయి. బుధవారం నాడు కొత్త సంచికలు దిగుతాయి. ఖాతాదారు తనకు కావలసిన వాటి జాబితా ముందే ఇస్తే, అతని పేరు మీద అవి పక్కన తీసి ఉంచుతారు. ఎప్పుడు వచ్చినా కట్ట తీసుకుని డబ్బు కట్టి వెళ్ళవచ్చు. పాత సంచికలను ఒక్కొక్కదాన్ని పలుచటి ప్లాస్టిక్ కవరులో, వెనుక అట్టముక్క పెట్టి, నంబరు వరుసన పెట్టెల్లో నిలబెడతారు. ముప్పై ఏళ్ళ కిందటి సంచిక అడిగినా నిమిషంలో తీసి ఇస్తారు. మన రికార్డు రూములను ఇలా పెట్టి ఉంటే ఎంతమంది సర్వీసు రిజిస్టర్లు చెదపురుగుల పాలు కాకుండా ఉండేవి!

మూడవది బెర్విక్ స్ట్రీట్‌లో ఉన్న గాష్ కామిక్స్. ఇది 1986 నుంచి ఉంది. చాలాకాలం బ్రిటిష్ మ్యూజియం ఎదుట ఉండి, 2011లో ఇక్కడికి మారింది. ఇక్కడ గోల లేదు. నెరసిన తలలవాళ్ళు, ఆఫీసు దుస్తులవాళ్ళు నిలబడి శ్రద్ధగా చదువుకుంటున్నారు. కౌంటరు దగ్గరి అబ్బాయి నన్ను పలకరించి, చిన్నప్పుడు మీరు ఏ బొమ్మల కథలు చదివేవారని అడిగాడు. చందమామ గురించి చెప్పాను. 1947 జూలైలో మొదలై ఎన్నో భాషల్లో వచ్చిందనీ, ఒక భేతాళుడు ఉండేవాడనీ, విక్రమార్కుడి భుజం మీద కూర్చుని కథ చెప్పి చివర ప్రశ్న వేసేవాడనీ చెప్పాను. బుజ్జాయిగారి డుంబు గురించి చెప్పాను. వచ్చిన ఇంగ్లీషంతా ఖర్చు పెట్టాను. ఆ అబ్బాయి చేతిలో పని ఆపి విన్నాడు. అతనికంటే శ్రద్ధగా విన్నవాడు మా మనవడు. "తాతా, ఇవన్నీ నాకెప్పుడూ చెప్పలేదే?" అన్నాడు. నువ్వు ఎప్పుడు అడిగావురా అనబోయి ఊరుకున్నాను. నేనూ వాణ్ణి ఏమీ అడగలేదు కదా.

ఆ కొట్లో మనవడు ఒక పుస్తకం నా చేతిలో పెట్టి, "ఇది మీకు" అన్నాడు. పేరు మౌస్. ఆర్ట్ స్పీగల్‌మన్ అనే అమెరికా చిత్రకారుడు రాసి గీసినది. 1992లో దీనికి పులిట్జర్ ప్రత్యేక పురస్కారం వచ్చింది. హిట్లరు కాలంలో పోలండులోని యూదులు పడిన నరకాన్ని తన తండ్రి చెప్పగా విని గీశాడు. యూదులను ఎలుకలుగా, నాజీలను పిల్లులుగా చూపించాడు. ఎలుకల బొమ్మల పుస్తకం నాకెందుకురా అనుకున్నాను. ఇంటికి వెళ్ళి మొదలుపెట్టి మూడు రాత్రుళ్ళు చదివాను.

అందులో ఒక ఘట్టం ఉంది. ఆ కొడుకు, చనిపోయిన తన తల్లి రాసుకున్న డైరీల కోసం వెతుకుతూ ఉంటాడు. తండ్రి ఏవేవో సాకులు చెబుతాడు. చివరికి, వాటిని తానే తగలబెట్టేశానని ఒప్పుకుంటాడు. ఆ పేజీ దగ్గర నేను పుస్తకం మూసి దీపం ఆర్పేశాను. నిద్ర పట్టలేదు.

ఎందుకు పట్టలేదో ఇక్కడ చెప్పుకోవాలి. 1989లో మా అబ్బాయి పదవ తరగతి. వాడి దగ్గర ఇంద్రజాల్ కామిక్సు ఒక ట్రంకు పెట్టెడు ఉండేవి. ఫాంటమ్, మాండ్రేక్, బహదూర్. తిరునాళ్ళకు ఇచ్చిన డబ్బులు, బస్సెక్కకుండా నడిచి మిగిల్చిన డబ్బులు పెట్టి కొనుక్కున్నవి. నంబరు వరుసన పేర్చి, ఒక నోటుబుక్కులో పట్టిక రాసుకున్నాడు. అచ్చం మన స్టాకు రిజిస్టరు మాదిరిగా. క్వార్టర్లీ పరీక్షల్లో లెక్కల మార్కులు తగ్గాయి. ఆ ఆదివారం వాడు ట్యూషనుకు వెళ్ళినప్పుడు పాత కాగితాలవాణ్ణి పిలిచి, ఆ పెట్టె మొత్తం తూకానికి వేసేశాను. ఎంత వచ్చిందో గుర్తు లేదు. వాడు ఇంటికి వచ్చి ఖాళీ పెట్టె చూశాడు. నన్ను ఒక్క మాట అడగలేదు. ఏడవలేదు. పెట్టె మూత వేసి లెక్కల పుస్తకం తీశాడు. పరీక్షల్లో ఫస్టు క్లాసు వచ్చింది. నేను చేసినది సరైన పనే అని ముప్పై అయిదేళ్ళు అనుకున్నాను. కానీ ఆనాటి నుంచి వాడు నాతో అవసరమైన మాట తప్ప మాట్లాడడం తగ్గించాడన్న సంగతి నాకు లోపల తెలుసు. ట్రెజరీలో ఎంతమంది బిల్లుల మీదో అబ్జెక్షను రాసిన ఈ చెయ్యి, తన పద్దు మీద మాత్రం ఎప్పుడూ రాసుకోలేదు.

సరే, మళ్ళీ కొట్లకు వస్తాను.

తరువాతి శనివారం టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్‌లోని వార్‌హామర్ దుకాణానికి వెళ్ళాం. ఇది చిన్న చిన్న సైనికుల బొమ్మలతో ఆడే యుద్ధక్రీడ. పెట్టె కొంటే అందులో బొమ్మ తయారుగా ఉండదు, ముక్కలు ఉంటాయి. వాటిని కత్తిరించి, అతికించి, వెంట్రుకంత కుంచెతో రంగులు వేసుకోవాలి. ధర చూసి నా గుండె ఆగినంత పనయింది. పౌనును రూపాయల్లోకి మార్చి చూసుకునే జబ్బు మనందరికీ ఉన్నదే కదా. కానీ కొత్తగా వచ్చినవారికి ఒక బొమ్మ ఉచితంగా ఇచ్చి, కూర్చోబెట్టి రంగులు వేయడం నేర్పుతారు. నాకూ ఇచ్చారు. కంటి ఆపరేషను అయిన కళ్ళతో, వణికే చేతితో ఒక సైనికుడికి నీలిరంగు చొక్కా వేశాను. ముఖానికి కూడా కొంత అంటింది. మా మనవడు నా మణికట్టు కింద తన చెయ్యి ఆనించి పట్టుకుని, "ఇలా తాతా, ఊపిరి బిగబట్టి" అని నేర్పాడు. వాడికి నడక నేర్పే వయసులో నేను వాడి దగ్గర లేను. నాకు కుంచె నేర్పే వేళకు వాడు నా దగ్గర ఉన్నాడు.

ఈ ఆట తయారుచేసే గేమ్స్ వర్క్‌షాప్ కథ మీరు వినదగ్గది. 1975లో లండనులో ముగ్గురు మిత్రులు కలిసి పెట్టిన సంస్థ అది. మొదటి కొట్టు 1978లో హామర్‌స్మిత్‌లో తెరిచారు. ఇప్పుడు వారి ప్రధాన కార్యాలయం నాటింగ్‌హామ్‌లో ఉంది. 2024 డిసెంబరులో లండను స్టాక్ ఎక్స్ఛేంజిలో మొదటి వంద పెద్ద కంపెనీల సూచికలో చేరింది. ఆటబొమ్మలు అమ్మే కంపెనీ బ్యాంకుల సరసన కూర్చుంది! ఇంతకూ ఆ ముగ్గురు మొదట్లో తయారుచేసి అమ్మినవి ఏమిటో తెలుసునా? పాతకాలపు ఆటలకు చెక్క పలకలు. అందులో ఒకటి మంకాలా, అంటే మన వామనగుంటల కుటుంబానికి చెందిన ఆట. ఇంకొకటి నైన్ మెన్స్ మోరిస్, అంటే సాక్షాత్తూ మన దాడి ఆట. మన అమ్మమ్మలు అరుగు మీద సుద్దముక్కతో గీసి చింతపిక్కలతో ఆడినది, వాళ్ళు నున్నగా చెక్కి అమ్మారు.

ఇది విన్న మర్నాడే మ్యూజియానికి వెళ్ళాం. బ్రిటిష్ మ్యూజియం 56వ గదిలో ఊర్ నగరపు రాజుల ఆటపలక ఉంది. ఇరాక్ దేశంలో తవ్వకాల్లో దొరికినది, దాదాపు 4,600 ఏళ్ళ నాటిది. ఇరవై గళ్ళు, గవ్వపెంకులతో పొదిగిన పువ్వులు. ఆ ఆట ఎలా ఆడేవారో క్రీస్తు పూర్వం 177లో రాసిన ఒక మట్టిపలక ఆధారంగా ఆ మ్యూజియంలో పనిచేసే ఇర్వింగ్ ఫింకెల్ అనే పండితుడు వివరించారు. ఆ అద్దాల పెట్టె ముందు నిలబడి మనవడికి మన సంగతులు చెప్పాను. మన పచ్చీసునే సులువు చేసి లూడో అన్నారనీ, మన వైకుంఠపాళిలోని పాపపుణ్యాలను తగ్గించి నిచ్చెనలూ పాములూ మిగిల్చారనీ, 1890ల నాటికి రెండూ ఇంగ్లండులో పెట్టెల్లో అమ్ముడుపోయాయనీ చెప్పాను. "మరి మీరు ఇప్పుడు ఆడతారా?" అని అడిగాడు. అబద్ధం చెప్పలేకపోయాను.

ఆ సాయంత్రం ఒక అట్టముక్క మీద దాడి పటం గీశాను. మా ఆవిడ కుట్టుపెట్టెలోంచి తొమ్మిది తెల్ల బొత్తాలు, తొమ్మిది నల్ల బొత్తాలు తీసి ఇచ్చింది. మూడు కాయలు వరుసకు వస్తే "దాడి" అని ఎదుటివాడి కాయ ఒకటి తీసేయాలని చెప్పాను. పది నిమిషాల్లో పట్టుకున్నాడు. మూడవ ఆటలో నన్ను ఓడించాడు. "దాడి!" అని వాడు కేక పెడితే వంటింట్లోంచి మా కోడలు పరుగెత్తుకుని వచ్చింది. వాడు ఇంట్లో అంత గట్టిగా తెలుగు మాట పలకడం అదే మొదటిసారట.

ఇక నేను చూసిన వాటిలో నాకు అన్నిటికంటే నచ్చినది మా అబ్బాయి వాళ్ళ పేటలోనే ఉన్న ఒక చిన్న కొట్టు. ముందు గదిలో అమ్మకం, వెనుక గదిలో అయిదారు బల్లలు. వారానికి ఒక సాయంత్రం ఎవరైనా వచ్చి కూర్చుని ఆడుకోవచ్చు. ఏదైనా కొని తీరాలన్న నియమం లేదు. ఒక టీ తాగితే చాలు. ఆ బల్లల చుట్టూ బడిపిల్లలు, బస్సు డ్రైవరు, ఒక నర్సు, నా ఈడు పెద్దమనిషి ఒకాయన. భార్య పోయాక ఇంట్లో ఒంటరిగా ఉండలేక వారం వారం ఇక్కడికి వస్తానని ఆయన నాకు చెప్పాడు. పిల్లలు ఆయనను పేరు పెట్టి పిలుస్తారు, ఆయన ఎత్తులను నిర్మొహమాటంగా ఎగతాళి చేస్తారు. ఆయన ముఖం వెలిగిపోతూ ఉంటుంది. పోయిన వారం రాకపోతే ఏమైందని ఇద్దరు పిల్లలు ఇంటికి వెళ్ళి తలుపు తట్టారట. సోదరులారా, మనలో ఎంతమంది ఇంటి తలుపు అలా తట్టే పిల్లలున్నారు?

అక్కడ నేను డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆటలో కూర్చున్నాను. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తయారుచేసిన ఆట ఇది. ఒకరు కథకుడు. మన హరిదాసులాగా కథ నడుపుతాడు. మిగిలినవారు అందులో పాత్రలు. ప్రతి పాత్రకూ ఒక కాగితం ఉంటుంది. అందులో బలం, చురుకు, దారుఢ్యం, తెలివి, వివేకం, ఆకర్షణ అని ఆరు లెక్కలు. అనుభవం పెరిగిన కొద్దీ మెట్టు పెరుగుతుంది. దెబ్బ తింటే కోత పడుతుంది. అన్నీ ఎప్పటికప్పుడు నమోదు చేయాలి. ఆ కాగితం చూడగానే నాకు ప్రాణం లేచివచ్చింది. అది సర్వీసు రిజిస్టరు కాక మరేమిటి? అప్పటి నుంచి ఆ బల్ల దగ్గర అందరి కాగితాలూ నేనే రాసేవాణ్ణి. ఒకసారి కథకుడు మాకు రావలసిన బంగారంలో కొంత తగ్గించి ఇస్తే లెక్క చూపించి బకాయి రాబట్టాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. కరువు భృతి బకాయిల పోరాటంలో మన సంఘం ఇచ్చిన తర్ఫీదు అక్కడ పనికివచ్చింది!

ఆగస్టులో తిరుగు ప్రయాణానికి వారం ముందు మా అబ్బాయి మమ్మల్నందరినీ వాటర్లూ స్టేషను దగ్గర లీక్ స్ట్రీట్‌లో ఉన్న ఆటల కేఫ్‌కు తీసుకుని వెళ్ళాడు. రైలు కట్ట కింది కమానుల్లో ఉంటుంది. బయట సొరంగం గోడల నిండా రంగుల రాతలు, లోపల గోడ నిండా ఆటల పెట్టెలు. మనిషికి ఇంత అని కట్టి, కావలసిన పెట్టె తెచ్చుకుని ఆడుకోవచ్చు. ముందు కటాన్ ఆడాం. 1995లో జర్మనీలో వచ్చిన ఆట. ఇటుకలు, కలప, ఉన్ని, ధాన్యం, ఖనిజం ఇచ్చిపుచ్చుకుంటూ ఊళ్ళు కట్టాలి. సంతలో బేరం ఎలా ఆడాలో మా ఆవిడ వారందరికీ నేర్పింది. ఆమే గెలిచింది.

తరువాత నలుగురం పాండెమిక్ ఆడాం. ఇది 2008లో వచ్చింది, అంటే కోవిడ్‌కు పన్నెండేళ్ళ ముందు. ఇందులో ఒకరితో ఒకరికి పోటీ లేదు. ప్రపంచపటం మీద రోగాలు వ్యాపిస్తూ ఉంటాయి. అందరూ కలిసి ఆపాలి. గెలిస్తే అందరూ గెలుస్తారు, ఓడితే అందరూ ఓడతారు. పటం మీద ఢిల్లీ, కలకత్తా, బొంబాయి, మద్రాసు ఉన్నాయి. మద్రాసు మీద నల్లటి ఘనాలు పేరుకుంటూ ఉంటే ఎవరమూ మాట్లాడలేదు. 2021 మేలో మా తమ్ముడు కోవిడ్‌తో పోయినప్పుడు మా అబ్బాయి రాలేకపోయాడు. ప్రయాణాల మీద ఆంక్షలు ఉన్నాయి. ఆ సంగతి మేము ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఆ బల్ల దగ్గర వాడు, "బాబాయిని చివరిసారి చూడలేకపోయాను నాన్నా" అన్నాడు. ఎదురెదురుగా కుర్చీలు వేసుకుని కూర్చుని ఉంటే ఆ మాట వచ్చేది కాదు. చేతిలో కాయలు ఉన్నాయి, కళ్ళు పటం మీద ఉన్నాయి కనుక వచ్చింది.

నేనూ అప్పుడే చెప్పాను. "ఆ ట్రంకు పెట్టె పుస్తకాలు అమ్మేసి తప్పు చేశానురా" అన్నాను. వాడు తలెత్తి నా వంక, ఆ తరువాత వాళ్ళమ్మ వంక చూశాడు. వాళ్ళమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంటికి వచ్చాక వాడు బీరువా పై అరలోంచి ఒక కవరు దింపాడు. అందులో ఒకే ఒక ఫాంటమ్ పుస్తకం. అట్ట లేదు, అంచులు పసుపెక్కాయి. ఆ ఆదివారం సాయంత్రం వాళ్ళమ్మ పోపుల డబ్బాలోంచి తీసి ఇచ్చిన డబ్బులతో పాత కాగితాల కొట్టుకు పరుగెత్తితే, అప్పటికి పొట్లాలకు చింపగా మిగిలినది అదొక్కటే దొరికిందట. ముప్పై అయిదేళ్ళు నాకు తెలియకుండా ఇద్దరూ దాచారు. మా ఆవిడ నాకు చెప్పని సంగతి నేనెరిగినంతలో అదొక్కటే. ఇంకా ఉన్నాయేమో తెలియదు!

ఆ పుస్తకాన్ని మనవడు తన దగ్గరున్న ప్లాస్టిక్ కవరులో, వెనుక అట్ట పెట్టి, జాగ్రత్తగా అమర్చాడు. ముగ్గురం కలిసి చదివాం.

ఆ కొట్లన్నీ స్వర్గాలని నేను చెప్పడం లేదు. ధరలు ఎక్కువ. కొన్ని పుస్తకాల్లో రక్తపాతం ఎక్కువ, చిన్నపిల్లలకు పెద్దవాళ్ళు చూసి ఇవ్వాలి. అద్దెలు పెరిగి, సరుకు ఇంటికే పంపే కంపెనీల పోటీ పెరిగి, ఇలాంటి చిన్న కొట్లు నిలబడడం కష్టంగానే ఉంది. అయినా అవి నిలబడుతున్నది వెనుక గదిలో ఉన్న ఆ బల్లల వల్లనే అని నా అభిప్రాయం. పుస్తకం, పెట్టె ఎక్కడైనా దొరుకుతాయి. ఎదుట కూర్చునే మనిషి దొరకడు.

ఇప్పుడు అసలు మనవి. మన సంఘ భవనంలో ముందు గది ఆదివారం సాయంత్రాలు తాళం వేసి ఉంటుంది. నాలుగు నుంచి ఆరున్నర వరకు అది తెరిచి ఉంచుదాం. నాలుగు బల్లలు వేద్దాం. చదరంగం, క్యారమ్స్ బోర్డులు మన దగ్గర ఉన్నాయి. దాడి, పులిమేక, పచ్చీసు పటాలు నేను గీసి ఇస్తాను. వామనగుంటల చెక్క ఎవరి అటకల మీదైనా ఉంటే దించండి. చందమామ పాత బౌండు పుస్తకాలు ఉన్నవారు ఒక్కొక్కటి తెచ్చి అరలో పెట్టండి. దయచేసి తూకానికి మాత్రం వేయకండి. ప్రతివారూ ఒక పిల్లనో పిల్లవాడినో వెంట తీసుకుని రండి. మనవలు దూరదేశాల్లో ఉన్నవారు పక్కింటి పిల్లలను తీసుకుని రండి. మొదటి ఖర్చుల కోసం నా పెన్షనులోంచి అయిదు వేల రూపాయలు ఈ వేదిక మీదనే కోశాధికారిగారికి అందజేస్తున్నాను. రసీదు తప్పకుండా ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. అలవాటు పోదు కదా!

మా మనవడు ఇప్పుడు ప్రతి ఆదివారం ఫోనులో దాడి ఆడతాడు. ఇక్కడ నా పటం, అక్కడ వాడి పటం. కాయ ఎక్కడ పెట్టాడో గడి లెక్కలో చెబుతాడు, నేను వాడి పక్షాన కదుపుతాను. పోయిన వారం వరుసగా రెండు ఆటలు ఓడిపోయాను. వాడు నా తరఫున మోసం చేయడం లేదని, నేనే ఓడుతున్నానని మా ఆవిడ సాక్ష్యం.

వచ్చే ఆదివారం నాలుగు గంటలకు ముందు గదిలో కలుసుకుందామని మనవి చేస్తూ సెలవు తీసుకుంటున్నాను.